గణితపు పోటీలు - క్షేత్రగణితపు పునాది
(గ్రంథాలయ రజతోత్సవ సభయందలి ఉపన్యాస పాఠము)

  

ఒక గ్రామమున గ్రంథాలయము ఇరువదియైదు సంవత్సరములు నిలుచుట సామాన్య విషయము కాదు. చందాలు సమకూర్చువారు, పుస్తకములకు అట్టలు వేయువారు, సాయంకాలమున వేళ తప్పక తలుపు తీయువారు, చదివిన పుస్తకమును చెడకుండ తిరిగి తెచ్చి యిచ్చువారు - ఇందరి ఓర్పు చేరినగాని అది నిలువదు. రజతోత్సవ సమయమున గడచిన కాలమును కొనియాడుట ఎంత ఉచితమో, రాబోవు తరమును గూర్చి యోచించుటయు అంత ఉచితము. అట్టి యోచనలలో నొకటి గణితపు పోటీలకు సంబంధించినది. గ్రామ పాఠశాలలలో చదువుకొను బాలబాలికలు ఆ పోటీలలో నిలువగలరా? నిలువవలెనన్నచో క్షేత్రగణితమున వారికి ఎట్టి పునాది కావలయును? ఆ పునాదిని గ్రామమునందే వేయవచ్చునా? ఈ మూడు ప్రశ్నలే నేటి ప్రసంగమునకు విషయములు.

గణితమున పోటీపరీక్షలు క్రొత్తవి కావు. హంగరీ దేశమున 1894 వ సంవత్సరముననే పాఠశాల చదువు ముగించిన విద్యార్థులకు ఇట్టి పరీక్షను ప్రారంభించిరి. విమానశాస్త్రమున లోకప్రసిద్ధి గాంచిన థియొడోర్ ఫాన్ కార్మాన్ తన విద్యార్థిదశలో ఆ పరీక్షయందు బహుమతి పొందినవాడే. అంతర్జాతీయ గణిత ఒలింపియాడు 1959 లో రుమేనియా దేశమున మొదలైనది. భారతదేశము 1989 నుండి అందు పాల్గొనుచున్నది. 1996 లో ఆ పోటీ ముంబయి నగరముననే జరిగినది. ఒక్కొక్క దేశమునుండి ఆరుగురికి మించకుండ విద్యార్థులు వత్తురు. పరీక్ష రెండు దినములు. దినమునకు నాలుగున్నర గంటలు, మూడు ప్రశ్నలు. ప్రశ్న కొక్కంటికి 7 మార్కులు, మొత్తము 42. ఇంగ్లండునందలి బాత్ నగరమున 2024 లో జరిగిన పోటీలో భారత విద్యార్థులు నాలుగు స్వర్ణపతకములును, ఒక రజతపతకమును గెలిచి దేశమును నాలుగవ స్థానమున నిలిపిరి.

ఆ మెట్టు చేరుటకు దేశములో పలు దశల పరీక్షలు గలవు. జాతీయ ఒలింపియాడు కార్యక్రమమునకు ముంబయిలోని హోమీ భాభా విజ్ఞానవిద్యా కేంద్రము ఆధారముగా నున్నది. తొలిదశలో సమాధానమును సంఖ్యారూపమున గుర్తించిన చాలును. తరువాతి ప్రాంతీయ, జాతీయ దశలలో సమాధానమొక్కటియే చాలదు. అది ఏల సత్యమో మొదటినుండి తుదివరకు కారణములతో వ్రాసి చూపవలెను. ప్రశ్నలు బీజగణితము, సంఖ్యాశాస్త్రము, సంయోగగణితము, క్షేత్రగణితము అను నాలుగు శాఖలనుండి వచ్చును. కళాశాలలలో బోధించు కలనగణితము ఈ పరీక్షలకు అవసరము లేదు.

ఈ వివరములు విన్న తల్లిదండ్రులకు రెండు సందేహములు కలుగుట సహజము. పట్టణములందలి శిక్షణాలయములకు వేలకువేలు చెల్లింపలేనివారికి ఇది అందని మ్రానిపండు గదా యనునది మొదటిది. పాఠ్యపుస్తకములో లేని వందలకొలది సూత్రములను కంఠస్థము చేయవలయునేమో యనునది రెండవది. మిగిలిన శాఖల మాట యెట్లున్నను, క్షేత్రగణితము విషయమున ఈ రెండు సందేహములకును ఆధారము లేదు. ఆ శాఖకు పునాదియైన సత్యములు చాల కొలది. అవి యన్నియు ఉన్నత పాఠశాల పుస్తకములందే యున్నవి. వానిని వల్లించుటతో తృప్తి చెందక, అవి ఎందుచేత సత్యములో తెలిసికొని, ఒక్క లెక్కతో దినముల తరబడి కూర్చుండగల ఓర్పు అలవరచుకొన్న బాలునికి సగము దారి గడచినట్లే. ఆ ఓర్పును ఏ శిక్షణాలయమును అమ్మజాలదు.

క్షేత్రమనగా పొలము. ఈ శాస్త్రముయొక్క పుట్టుక ఆ పేరులోనే కలదు. వేదకాలపు యజ్ఞవేదికలను తాడుతో కొలిచి నిర్మించు విధానమును చెప్పు గ్రంథములకు శుల్బసూత్రములని పేరు, శుల్బమనగా తాడు. దీర్ఘచతురస్రపు కర్ణమునకును భుజములకును గల సంబంధము బౌధాయన శుల్బసూత్రమున చెప్పబడియున్నది. గ్రీకు పండితుడైన యూక్లిడ్ క్రీస్తుపూర్వము 300 ప్రాంతమున అలెగ్జాండ్రియాలో 13 భాగముల గ్రంథము రచించి, ఒక సత్యమునుండి మరియొక సత్యమును మెట్లు మెట్లుగా రాబట్టు పద్ధతిని లోకమునకు చూపెను. పదునెనిమిదవ శతాబ్దమున మహారాజా జయసింహుని ఆస్థానమునందలి జగన్నాథ పండితుడు దానిని రేఖాగణితమను పేర సంస్కృతమునకు తెచ్చెను. తెలుగువారికిని ఇందు భాగము కలదు. తొమ్మిదవ శతాబ్దమునకు చెందిన మహావీరాచార్యుని గణితసారసంగ్రహమును పావులూరి మల్లన తెనుగు పద్యములలో రచించెను. గణితము తెలుగునకు పరాయిది అనువారికి ఈ ఒక్క మాట చాలును.

ఇక పునాది సత్యములను ఒక్కొక్కటిగా చూడవచ్చును. మొదటిది సమాంతర రేఖలకు సంబంధించినది. త్రిభుజములోని మూడు కోణముల మొత్తము 180 డిగ్రీలని ప్రతి విద్యార్థియు చెప్పును. ఎందుచేతనని అడిగినచో పలువురు కోణమానినితో కొలిచి చూపుదురు. కొలత నిరూపణము కాదు. కొలిచినది ఒక్క త్రిభుజము, చెప్పినది సమస్త త్రిభుజములను గూర్చి. త్రిభుజపు శిఖరమునుండి భూమికి సమాంతరముగా ఒక రేఖ గీచినచో, భూమియందలి రెండు కోణములును ఏకాంతర కోణముల రూపమున ఆ శిఖరముకడకే వచ్చి చేరును. అచ్చట మూడు కోణములును ప్రక్కప్రక్కన నిలిచి ఒక సరళరేఖగా ఏర్పడును. ఇంతమాత్రమే నిరూపణము. ఒక్క రేఖను అదనముగా గీయుటతో కంటికి కానరాని సత్యము బయటపడినది. పోటీలలోని పెక్కు లెక్కలు ఇట్లు సరియైన ఒక్క రేఖ కొరకే ఎదురుచూచుచుండును.

రెండవది త్రిభుజముల సర్వసమానత్వము. దీనిని పొలము కొలతతో పోల్చి చెప్పిన బాలురకు సులభముగా తెలియును. నాలుగు వైపుల పొలమును ఎదురెదురు గట్ల సగటులు కట్టి, ఆ రెండు సగటులను హెచ్చించి వైశాల్యము చెప్పు మోటు పద్ధతి చాల ప్రాచీనము. క్రీ.శ. 628 లో బ్రహ్మగుప్తుడు తన బ్రాహ్మస్ఫుట సిద్ధాంతమున ఇది స్థూలమైన లెక్కయని స్పష్టముగా చెప్పెను. అది ఎంత స్థూలమో చూడుడు. నాలుగు గట్లును 100 అడుగుల చొప్పున నున్న పొలము సరియైన చదరమైనచో దాని వైశాల్యము 10,000 చదరపు అడుగులు. అనగా దాదాపు 23 సెంట్లు. అదే నాలుగు గట్లతో పొలము ఒక ప్రక్కకు ఒరిగి, దాని కర్ణములు 120, 160 అడుగులైనచో వైశాల్యము 9,600 చదరపు అడుగులు. దాదాపు 22 సెంట్లు. ఇంకను ఒరిగి కర్ణములు 56, 192 అడుగులైనచో 5,376 చదరపు అడుగులు మాత్రమే. పండ్రెండు సెంట్ల పైచిలుకు. గట్ల కొలతలు మారలేదు, సగటు లెక్క ప్రతిసారియు 10,000 అనియే చెప్పును, భూమి మాత్రము ఇంచుమించు సగమైనది!

దీని కారణమేమి? నాలుగు కర్రలను చివర లందు మేకులతో బిగించి చేసిన చట్రము ప్రక్కకు ఒరుగును. మూడు కర్రలతో చేసినది ఒరుగదు. మూడు భుజముల పొడవులు చెప్పిన వెంటనే త్రిభుజముయొక్క ఆకారము స్థిరపడిపోవును. వడ్రంగి తలుపు చట్రమునకు ఏటవాలుగా ఒక బద్దను కొట్టుటయు, పొలము కొలుచువారు ఒక కర్ణమును కూడ కొలిచి పొలమును రెండు త్రిభుజములుగా చేయుటయు ఇందుకొరకే. మూడు భుజములు, లేదా రెండు భుజములు వాని నడిమి కోణము, లేదా రెండు కోణములు ఒక భుజము తెలిసిన త్రిభుజము స్థిరపడును. కాని రెండు భుజములును, వాని నడుమ లేని కోణమును తెలిసినంతమాత్రమున కొన్ని సమయములందు రెండు వేర్వేరు త్రిభుజములు ఏర్పడవచ్చును. ఈ తేడాను కంపాసుతో స్వయముగా గీచి చూచిన బాలుడు పరీక్షలో ఎన్నడును పొరబడడు.

మూడవది వైశాల్యము. ఒకే భూమిమీద, ఒకే సమాంతర రేఖల నడుమ నున్న త్రిభుజముల వైశాల్యములు సమానములు. భూమియు ఎత్తును మారనప్పుడు శిఖరము ఎటు జరిగినను వైశాల్యము మారదు గదా! ఇంత చిన్న సత్యముతో ఒక గ్రామ వివాదమును తీర్చవచ్చును. ఇద్దరు రైతుల పొలముల నడుమ సరిహద్దు గట్టు వంకరగా నున్నదనుకొనుడు. అది ఉత్తరపు గట్టుమీది ప అను చోట మొదలై, నడుమ బ అను చోట వంగి, దక్షిణపు గట్టుమీది ర అను చోట ముగియుచున్నది. ఎవ్వరికిని అంగుళమైన నష్టము లేకుండ దానిని తిన్నగా చేయవలెను. ముందుగా ప నుండి ర కు తాడు పట్టవలెను. పిమ్మట బ గుండ ఆ తాటికి సమాంతరముగా రేఖ గీచిన, అది దక్షిణపు గట్టును స అను చోట కలియును. ప నుండి స కు వేసిన తిన్నని గట్టే క్రొత్త సరిహద్దు. ప-బ-ర, ప-స-ర అను త్రిభుజములు రెండును ప-ర అను ఒకే భూమిమీద ఒకే సమాంతర రేఖల నడుమ నున్నవి గావున వాని వైశాల్యములు సమానములు. ఒకచోట ఇచ్చినంత మరియొకచోట పుచ్చుకొన్నట్లయినది. ఈ లెక్కకు సంఖ్య ఒక్కటియు అవసరము కాలేదు.

నాలుగవది సరూపత్వము. ఆకారమొకటియే యై పరిమాణము మాత్రము వేరైన త్రిభుజములు సరూపములు. వాని భుజములు ఒకే అనుపాతమున నుండును. మూడడుగుల కర్రకు రెండడుగుల నీడ పడిన వేళ, చెట్టు నీడ 24 అడుగులైన చెట్టు ఎత్తు 36 అడుగులు. లంబకోణ త్రిభుజమున లంబకోణముకడనుండి కర్ణముమీదికి లంబము దించినచో, ఏర్పడు రెండు చిన్న త్రిభుజములును పెద్దదానికి సరూపములగును. అందుండి పైథాగరస్ పేరిట ప్రసిద్ధమైన సిద్ధాంతము నాలుగు పంక్తులలో వచ్చును. ఇంటి పునాదికి ముగ్గు పోయునప్పుడు తాపీ మేస్త్రి 3, 4, 5 అడుగుల కొలతలతో మూల సరిచూచుట ఈ సిద్ధాంతముయొక్క ప్రయోగమే. 1150 ప్రాంతమున భాస్కరాచార్యుడు లీలావతియందు ఇచ్చిన లెక్క యొకటి పిల్లల కెంతయు ప్రీతికరము: 32 మూరల వెదురు గాలికి విరిగి, దాని కొన మొదటికి 16 మూరల దూరమున నేలను తాకినది, ఎంత ఎత్తున విరిగినది? విరిగిన భాగమే కర్ణమని గుర్తించిన చాలును. సమాధానము 12 మూరలు. పన్నెండు, పదునారు, ఇరువది అను భుజములు 3, 4, 5 లకు నాలుగు రెట్లే యని తరువాత గమనించిన బాలుని ముఖమున వెలుగు చూడదగినది.

అయిదవది వృత్తమునందలి కోణములు. వృత్తముమీది ఒక చాపము కేంద్రమువద్ద చేయు కోణము, వృత్తముమీది ఎదుటి బిందువువద్ద చేయు కోణమునకు రెట్టింపు. వ్యాసార్ధములన్నియు సమానములు గావున ఏర్పడు సమద్విబాహు త్రిభుజములే దీనికి సాక్ష్యము. దీనినుండి మూడు ఫలితములు వెంటనే వచ్చును: ఒకే వృత్తఖండమునందలి కోణములన్నియు సమానములు, అర్ధవృత్తమునందలి కోణము లంబకోణము, చక్రీయ చతుర్భుజపు ఎదురెదురు కోణముల మొత్తము 180 డిగ్రీలు. పోటీలలోని క్షేత్రగణితపు లెక్కలలో పెద్ద పాలు వృత్తములకు సంబంధించినవే. నాలుగు బిందువులు ఒకే వృత్తముమీద నున్నవని కనిపెట్టుట పెక్కు చోట్ల తాళపుచెవి వంటిది.

ఈ సత్యములు తెలిసినవాడు ఎంత దూరము పోగలడో చూపుటకు ఒక ఉదాహరణము ఇచ్చుట యుక్తము. ఇదియు బ్రహ్మగుప్తునిదే. క, గ, చ, త అను నాలుగు బిందువులు వరుసగా ఒక వృత్తముమీద నున్నవి. క-చ, గ-త అను కర్ణములు మ అను బిందువువద్ద ఒకదానికొకటి లంబముగా ఖండించుకొనుచున్నవి. మ నుండి గ-చ భుజముమీదికి లంబము గీయగా అది ప వద్ద తాకినది. ఆ లంబమును వెనుకకు పొడిగింపగా ఎదుటి భుజమైన క-త ను న వద్ద కలిసినది. న అనునది క-త భుజమునకు సరిగా మధ్యబిందువని చూపవలెను. పటము గీచి చూచినవారికి ఇది వింతగా తోచును. లంబమునకును మధ్యబిందువునకును సంబంధమేమి?

తొందరపడక ఒక్కొక్క కోణమును వెంబడింపవలెను. క-మ-న, చ-మ-ప అను కోణములు శీర్షాభిముఖములు గావున సమానములు. మ-ప-చ లంబకోణ త్రిభుజము. కావున చ-మ-ప కోణము 90 డిగ్రీలలో చ వద్ది కోణము పోగా మిగిలినది. గ-మ-చ యు లంబకోణ త్రిభుజమే. అందు గ వద్ది కోణమును 90 డిగ్రీలలో అదే చ వద్ది కోణము పోగా మిగిలినది. కావున ఈ రెండును సమానములు. ఇక త-గ-చ, త-క-చ అను కోణములు త-చ అను ఒకే జ్యామీద ఒకే వృత్తఖండమున నున్నవి గావున సమానములు. ఈ గొలుసు నంతయు కలిపినచో, న-క-మ త్రిభుజమున క వద్ది కోణమును మ వద్ది కోణమును సమానములని తేలినది. కావున న-క, న-మ భుజములు సమానములు. ఇదే విధమున రెండవ ప్రక్క న-త, న-మ భుజములును సమానములు. కావున న-క, న-త సమానములు. కోరినది సిద్ధించినది.

ఇందు వినియోగించినవి ఎన్ని? శీర్షాభిముఖ కోణములు, త్రిభుజపు కోణముల మొత్తము, ఒకే వృత్తఖండమునందలి కోణములు, సమద్విబాహు త్రిభుజ లక్షణము - ఈ నాలుగే. నాలుగును ఉన్నత పాఠశాల పుస్తకమునందున్నవే. కావలసినది క్రొత్త సూత్రము గాదు. తెలిసిన దానిని ఎచ్చట వాడవలెనో చూడగల కన్ను. ఆ కన్ను అభ్యాసమువలననే తెరువబడును.

అయినను కన్ను మోసపోవుటయు కలదు. గళ్ళ కాగితముపై 8 గళ్ళ చదరము గీచి, దానిని 3 గళ్ళ వెడల్పు, 5 గళ్ళ వెడల్పు గల రెండు పట్టీలుగా కత్తిరింపవలెను. చిన్న పట్టీని కర్ణము వెంబడి రెండు త్రిభుజములుగను, పెద్ద పట్టీని ఏటవాలుగా, సమాంతర భుజములు 3, 5 గళ్ళుండునట్లు, రెండు సమానమైన ముక్కలుగను చేయవలెను. ఈ నాలుగు ముక్కలను మరియొక విధముగా పేర్చినచో 13 గళ్ళ పొడవు, 5 గళ్ళ వెడల్పు గల దీర్ఘచతురస్రము ఏర్పడినట్లు కానవచ్చును. మొదట 64 గళ్ళు, ఇప్పుడు 65! ఒక గడి ఎచ్చటనుండి వచ్చినది? త్రిభుజపు ఏటవాలు 8 గళ్ళకు 3 గళ్ళ చొప్పునను, రెండవ ముక్క ఏటవాలు 5 గళ్ళకు 2 గళ్ళ చొప్పునను ఉన్నవి. ఈ రెండును దాదాపు సమానములే గాని సమానములు కావు. కావున నడిమి రేఖ తిన్నగా లేక, సన్నని చీలికగా నున్నది. దాని వైశాల్యమే ఆ ఒక గడి. పటమును నమ్మి నిరూపణమును విడుచుట యెంత ప్రమాదమో బాలురకు చెప్పుటకు ఇంతకంటె మంచి ఆట లేదు.

ఇక అభ్యాస విధానము. పటమును పెద్దదిగా, కంపాసు స్కేలుతో శుభ్రముగా గీయవలెను. లెక్కలో చెప్పనిదే త్రిభుజమును సమద్విబాహువుగా గాని, లంబకోణముతో గాని గీయరాదు. గీచినచో లేని సమానత్వము ఉన్నట్లు తోచి త్రోవ తప్పించును. ఇచ్చినది యేమి, చూపవలసినది యేమి యని రెండు వరుసలుగా వ్రాసికొనవలెను. ముందునుండి దారి తోచనప్పుడు తుదినుండి వెనుకకు నడువవలెను: ఈ రెండు భుజములు సమానములు కావలెనన్న ఏ కోణములు సమానములు కావలెను, వానికి ఏ త్రిభుజము సాక్ష్యము చెప్పగలదు అని విచారింపవలెను. వ్రాసిన ప్రతి పంక్తికిని ప్రక్కన కారణము వ్రాయవలెను. కారణము దొరకని పంక్తిని కొట్టివేయవలెను.

అన్నిటికంటె కష్టమైన నియమము మరియొకటి. లెక్క రానప్పుడు వెంటనే సమాధానము చూడరాదు. ఒక పూట, ఒక దినము, అవసరమైన ఒక వారము దానిని మనస్సున నుంచుకొనవలెను. పెద్దలు కూడ ఇచ్చట ఓర్పు వహింపవలెను. గంటసేపు ఒక్క లెక్కముందు కూర్చుండి ఏమియు వ్రాయని పిల్లవానిని సోమరియని మందలించుట పొరబాటు. ఆ గంటలో వాడు పది దారులు నడచి, పదియు మూసికొనిపోవుట చూచి, పదునొకండవ దారికై వెదకుచుండవచ్చును. దినమునకు నూరు లెక్కల సమాధానములు గుర్తించు శిక్షణమున ఈ గుణము అలవడదు. అట్టి శిక్షణము తొలిదశ పరీక్షను దాటింపవచ్చును. నిరూపణము వ్రాయవలసిన రెండవ దశలో చేయి చాపి నిలువవలసివచ్చును.

ఈ కార్యమునకు గ్రామ గ్రంథాలయమువంటి చోటు మరియొకటి లేదు. ఇంటియందు సందడి యుండును. పాఠశాలకు గంటల లెక్క యుండును. గ్రంథాలయమున నిశ్శబ్దము, బల్ల, దీపము, పుస్తకము ఉండును. శ్రీనివాస రామానుజన్ 1903 ప్రాంతమున కుంభకోణములో విద్యార్థిగా నుండగా జార్జి కార్ అను ఆంగ్లేయుడు కూర్చిన గణిత ఫలితముల సంగ్రహము ఒకటి గ్రంథాలయమునుండి అతనికి అందినది. అందలి వేలకొలది ఫలితములకు నిరూపణములు చాలవరకు లేవు. వానిని తానే సాధించుకొనుచు ఆ బాలుడు ఎదిగెను. సరియైన వేళ సరియైన చేతికి అందిన ఒక్క గ్రంథాలయ పుస్తకము చేసిన పని అది.

గ్రంథాలయము చేయదగిన పనులు పెద్ద వ్యయముతో కూడినవి కావు. వారమున కొక సాయంకాలము గణితమునకు కేటాయించి, ఒక నల్లబల్ల, అరడజను కంపాసు పెట్టెలు సమకూర్చవచ్చును. తలుపుప్రక్కన వారమున కొక లెక్క వ్రాసి యుంచి, వచ్చిన నిరూపణములలో స్పష్టమైన దానిని ఒక బైండు పుస్తకమున, సాధించిన పిల్లల పేరుతో, వారి చేతనే వ్రాయింపవచ్చును. ఉన్నత పాఠశాల ఉపాధ్యాయుడో, పదవీవిరమణ చేసిన పెద్దయో ఒకరు తోడుండిన చాలును. తెలుగు మాధ్యమమున చదివినవారికి పై దశలలో ఆంగ్ల గ్రంథములు చదువక తప్పదు గావున, సర్వసమానత్వమునకు కాంగ్రుయెన్స్, సరూపత్వమునకు సిమిలారిటీ, స్పర్శరేఖకు టాంజెంట్ అని రెండు భాషల మాటలను జంటలుగా వ్రాసిన పట్టికను గోడకు తగిలింపవలెను. మాట తెలియక లెక్క పోగొట్టుకొనుట విచారకరము.

పుస్తకములలో మొదటివి ఎనిమిది, తొమ్మిది, పది తరగతుల పాఠ్యగ్రంథములే. అందలి ప్రతి సిద్ధాంతమును పుస్తకము మూసి వ్రాయగలిగిన పిదప, కృష్ణమూర్తి, ప్రాణేశాచార్, రంగనాథన్, వెంకటాచల అను నలువురు భారతీయులు రచించిన చాలెంజ్ అండ్ థ్రిల్ ఆఫ్ ప్రీ-కాలేజ్ మ్యాథమెటిక్స్ అను గ్రంథమునకు పోవచ్చును. ఆ తరువాత కాక్సెటర్, గ్రైట్జర్ అను వారు రచించి 1967 లో వెలువరించిన జామెట్రీ రివిజిటెడ్ కలదు. ఈ రెండు పుస్తకములు బీరువాలో నున్న చాలును. ఏండ్ల తరబడి పనికివచ్చును.

బాలికలను గూర్చి ప్రత్యేకముగా ఒక మాట. లెక్కలు మగపిల్లలకే యను అపోహ ఇంకను కొన్ని యిండ్లలో కలదు. ఇరాను దేశపు మరియం మిర్జాఖానీ 1994 లోను, 1995 లోను అంతర్జాతీయ ఒలింపియాడున స్వర్ణపతకములు గెలిచెను. రెండవసారి 42 కు 42 మార్కులు పొందెను. 2014 లో గణితమున అత్యున్నతముగా నెంచబడు ఫీల్డ్స్ పతకమును స్త్రీలలో మొదటిసారిగా ఆమెయే అందుకొనెను. గ్రంథాలయమున సాయంకాలపు గణిత గోష్ఠికి బాలికలు వచ్చుటకు అనువైన వేళను, ఇంటికి చేర్చుటకు పెద్దల తోడును ఏర్పరచుట నిర్వాహకుల విధి.

తుదకు ఒక ప్రశ్న మిగులును. దేశమంతటినుండి ఏటేట ఎన్నుకొనబడువారు ఆరుగురే గదా. తక్కినవారి శ్రమ వ్యర్థము కాదా? పతకమే ఫలమనుకొన్నచో వ్యర్థమే. కాని ఇంతవరకు చెప్పిన దానిలో ఫలము వేరొకటి కలదు. నాలుగు గట్లు కొలిచి భూమి ఇంతయని ఎవరైన చెప్పినప్పుడు, కర్ణము కొలిచితిరా యని అడుగగల యువకుడు ఆ గ్రామమునకు పతకముకంటె విలువైనవాడు. అరువదినాలుగు గళ్ళు అరువదియైదైనవని పదిమంది ఒప్పుకొన్నచోట, చీలిక యెచ్చట నున్నదో చూపగల యువతి ఏ సభకైనను వన్నె తెచ్చును. కారణము లేని మాటను తాను పలుకక, ఇతరులు పలికిన నమ్మక, ఎంత పెద్దవారినైనను వినయముతో ఎందుచేతనని అడుగుట - క్షేత్రగణితము నేర్పు గుణమిది. గెలిచినవానికిని ఓడినవానికిని ఇది సమానముగా దక్కును.

రాబోవు ఇరువదియైదు సంవత్సరములలో ఈ గ్రంథాలయపు బైండు పుస్తకమున గ్రామ బాలబాలికల నిరూపణములు పుటలు పుటలుగా నిండుగాక! స్వర్ణోత్సవమునాడు ఆ పుటలు తిరుగవేయువారికి, పునాది గట్టిగా పడినదను తృప్తి కలుగుగాక!